నాలిక మేస్త్రి

తవిటయ్య ఇసుకని నోట్లో వేసుకుని చూస్తాడు. వెర్రి కాదు, అది అతని పని. ట్రాక్టరు తొట్టి పైకి లేవకముందే ఓ చిటికెడు తీసి నాలిక చివర పెట్టుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, పై పళ్ళ వెనక ఒకసారి రాసి తుపుక్కున ఉమ్మేస్తాడు. "వంశధారే, దింపండి" అంటే దింపాలి. "సముద్రం కలిపేరు, తిప్పండి" అంటే తిప్పాలి. ముప్పై ఏళ్ళపాటు పలాస నించి టెక్కలి దాకా ఆ మాటకి ఎదురు లేదు. అందుకే అతన్ని ఇంటిపేరుతో పిలిచినవాడు లేడు. నాలిక మేస్త్రి అంటే చాలు, కిళ్ళీకొట్టు వాడు కూడా దారి చూపిస్తాడు.

సముద్రం ఒడ్డు ఉద్దానంలో ఇసుకకి ఏం కొదవ? కొబ్బరి తోటలో ఇసుక, జీడి తోటలో ఇసుక, కాలి కింద ఇసుక, కంచంలో ఇసుక. అక్కుపల్లి వైపు వెళ్తే దిబ్బలకి దిబ్బలు. చూడ్డానికి సన్నగా, పిండిలా ముద్దొస్తుంది. చచ్చు ఇసుక. అందులో ఉప్పుంటుంది. దాంతో కాంక్రీటు కలిపితే మొదట్లో ఏమీ కాదు. గోడ నిలబడుతుంది, శ్లాబు నిలబడుతుంది, రంగేస్తే పెళ్ళికొడుకులా మెరుస్తుంది. లోపల మాత్రం ఉప్పు కూచుని ఇనప ఊచని నములుతూ ఉంటుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని లోపల్నించి పగలదీస్తుంది. ఐదేళ్ళు పట్టొచ్చు, ఆరేళ్ళు పట్టొచ్చు. ఇసుకలో ఉప్పు ఎంత మించకూడదో రూలు పుస్తకంలో రాసే ఉంది. తవిటయ్యకి ఆ అంకె తెలీదు. ఆ అంకె తెలిసినవాళ్ళు ఇసుక కుప్ప దగ్గరికి రారు. మధ్యలో ఉన్న కాపలా ఒక్కటే, అతని నాలిక.

పని నేర్పింది మేనమామ బైరాగి. టెక్కలిలో మేడలు కట్టిన మనిషి. "ఒరే తవిటీ, కాంట్రాక్టరు అబద్దమాడతాడు, లారీ వోడు అబద్దమాడతాడు, కాగితం మరీ అబద్దమాడతాది. నాలిక్కి నరం నేదంతారు గానీ, ఇసక కాడ అదొక్కతే నిజం సెప్తాది" అనేవాడు. తవిటయ్య అది దేవుడి మాటలా పట్టుకున్నాడు.

ఒకసారి కోటబొమ్మాళిలో ఓ కాంట్రాక్టరుకి ఒళ్ళు మండింది. తవిటయ్య అతని మూడు లోడ్లు వరసగా తిప్పి పంపేశాడు మరి. వీడి నాలిక సంగతేదో తేల్చాలని మర్నాడు మూడు అరటాకుల్లో మూడు గుప్పెళ్ళ ఇసుక పెట్టించాడు. చుట్టూ కూలీలు చేరేరు. తవిటయ్య మొదటిది చూసి "నది" అన్నాడు. రెండోది చూసి "సముద్రంది, కడిగి తెచ్చినారు, అయినా పోనేదు" అన్నాడు. మూడోది చూసి కాసేపు ఆలోచించి, "ఇది నది ఇసకే గానీ బాబూ, ఇందల కలిపింది మీ ఆవిడ వంటింట్లో ఉప్పు" అన్నాడు. కూలీలు పడీపడీ నవ్వేరు. కాంట్రాక్టరు కూడా నవ్వక ఏం చేస్తాడు?

ఆ రోజులు బాగుండేవి. అంతకంటే చెప్పుకోడానికి అతని బతుకులో పెద్దగా ఏమీ లేదు. ఓ పెంకుటిల్లు, పెళ్ళాం నూకరత్నం, కూతురు భాగ్యశ్రీ. ఊరందరికీ డాబాలు కట్టినవాడికి సొంత డాబా లేదు. మేస్త్రీలకి మామూలే.

తిత్లీ తుపాను వచ్చి తోటలన్నీ పడగొట్టేసింది. ముప్పై ఏళ్ళ కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగేయి. రేకులు ఎగిరిపోయేయి, పెంకులు ఎగిరిపోయేయి. అప్పుడు జనానికి ఒకటే యావ పట్టుకుంది, శ్లాబు. ఎలాగోలా నెత్తి మీద శ్లాబు పడాలి. ఒక్క ఏడాదిలో ఉద్దానమంతా ఇళ్ళు మొదలయ్యేయి. మేస్త్రీలకి తిండి తినే తీరిక లేదు. నది ఇసుక దొరకడం లేదు. దొరికినా అందులో సగం సముద్రం కలుస్తోంది.

సరిగ్గా ఆ ఏడే ధనరాజు జీడిపప్పు ఫ్యాక్టరీకి కొత్త బిల్డింగు మొదలెట్టాడు. పలాస దాటి హైవే ఎక్కేక ఎడం చేతి వైపు. కిందో హాలు, పైనో హాలు. కింద ఆడవాళ్ళు కూచుని పప్పు పొట్టు తీస్తారు, పైన బస్తాలు పెడతారు. ధనరాజు చెడ్డవాడేం కాదు. బోనస్ ఎగ్గొట్టడు, పనివాళ్ళ ఇళ్ళలో చావుకీ పెళ్ళికీ వస్తాడు. తవిటయ్యని పిలిచి, "మావా, నీ నాలిక నాకు తెలుసు. ఇసక నువ్వు సూసుకో, మిగతాది నాను సూసుకుంతాను" అన్నాడు.

ఇంజినీరు పేరు నిరంజన్. లైసెన్సు ఉన్న కుర్రాడు, ప్లాన్ల మీద సంతకాలు పెడతాడు. నెలకి నలభై బిల్డింగులకి పెడతాడు కాబట్టి ఏ బిల్డింగుకీ రాడు. ఫౌండేషన్ రోజున ఒకసారి వచ్చాడు, బైకు దిగకుండానే చెప్పాడు.

"మేస్త్రీ, క్యూబులు ఆరు పొయ్యాలి. ల్యాబుకి పంపాలి. నీట్‌గా పొయ్యి."

క్యూబులంటే జానెడు జానెడు కాంక్రీటు దిమ్మలు. పిల్లర్లలో ఏ మాలు పోస్తున్నారో అందులోంచే తీసి దిమ్మ పొయ్యాలి. నాలుగు వారాలు నీళ్ళలో నానబెట్టి ల్యాబుకి పంపితే, వాళ్ళు మిషన్లో పెట్టి నొక్కి, ఎంత బరువుకి పగిలిందో రాస్తారు. అదీ రూలు. కానీ ఈ ప్రాంతంలో ఏ మేస్త్రీ అలా పొయ్యడు. ల్యాబుకి వెళ్ళే దిమ్మంటే పెళ్ళిచూపులకి వెళ్ళే పిల్ల లాంటిది. ముస్తాబు చెయ్యాలి. కడిగిన ఇసుక వేరే, ఏరిన కంకర వేరే, సిమెంటు ఓ చెంబు ఎక్కువ. నీడన తొట్టిలో పెట్టి, పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి పెంచుతారు. అది మోసమని ఎవరికీ అనిపించదు. మన పని నలుగురికీ చూపించేటప్పుడు మంచిగా చూపిస్తాం కదా, అంతే. తవిటయ్య కూడా అంతే చేశాడు. నిజం చెప్పాలంటే అతని దిమ్మలకి జిల్లాలో పేరు. ఆ ఆరూ ల్యాబులో మిషన్ని ఏడిపించేయట. నిరంజన్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు.

పిల్లర్లకి మాత్రం ట్రాక్టరు ఇసుకే వెళ్ళింది. ప్రతి లోడూ తవిటయ్య నోట్లో వేసుకుని చూశాడు. ప్రతి లోడుకీ "దింపండి" అన్నాడు. ఆ ఏడు ఒక్క ట్రాక్టరు కూడా తిప్పి పంపలేదు. మంచి ఇసుక వస్తోందని సంతోషపడ్డాడు కూడా.

ఆ ఏడే ఇంట్లో గొడవలు. కూర చప్పగా ఉందని రోజూ కంచం ముందు రభస.

"ఏటే, ఉప్పు కొట్టు మూసీసినారా?"

"ఓలమ్మో, ఇంకెంత ఎయ్యమంతావు? పిల్ల నోట్లో పెట్టుకోనేకపోతంది. నీ నాలిక్కి ఏటి రోగమొచ్చినాదో!"

నూకరత్నం తిట్టుకి అన్నమాట అది. తిట్టు కాదని రెండేళ్ళ తరవాత తేలింది.

కాళ్ళు వాచేయి, ఆయాసం వచ్చింది, పలాసలో రక్తపరీక్ష చేస్తే కిడ్నీలన్నారు. ఉద్దానంలో ఆ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు. ఏ వీధిలో చూసినా ఒకరో ఇద్దరో ఉంటారు. డాక్టరు చిన్నవాడు, ఓపికగా అడిగాడు. "నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉంటోందా? ఉప్పు, కారం తెలుస్తున్నాయా? ఎన్నాళ్ళయింది రుచి పోయి?"

జవాబు నూకరత్నం చెప్పింది. "శానా కాలమే అయినాది బాబూ. కూర సప్పగున్నాదని కంచం ఇసిరీసినాడు. ధనరాజు బాబు బిల్డింగు పిల్లర్లు లేపుతున్నప్పుడు. నాకు బాగా గేపకం."

తవిటయ్య బల్ల మీద అలాగే కూచుండిపోయాడు. డాక్టరు ఇంకా ఏదో చెప్తున్నాడు, వారానికి మూడుసార్లు అంటున్నాడు, డయాలసిస్ మిషను అంటున్నాడు, నీళ్ళు కొలిచి తాగాలంటున్నాడు. అదేదీ ఇతని చెవికెక్కలేదు. ఒక్కొక్క ట్రాక్టరే కళ్ళ ముందు తొట్టి ఎత్తుతోంది. దింపండి. దింపండి. దింపండి.

తరవాత ఏం చేశాడని అడిగితే, ఏమీ చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కదా. నాలుగేళ్ళు నోరు మూసుకున్నాడు. ఇసుక మంచిదే అయ్యుంటుందని తనకి తనే చెప్పుకున్నాడు. తన నాలిక చెడింది గానీ ఇసుక చెడలేదేమో, రెండూ ఒకేసారి చెడాలని ఎక్కడుంది? పేరు పోతుందన్న భయం ఒకటి. ఎవరూ పిలవని, పని చెయ్యలేని మేస్త్రికి మిగిలింది ఆ పేరే.

ఈలోగా కూతురు భాగ్యశ్రీ అదే బిల్డింగులో పనికి చేరింది. మొగుడు గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి వెళ్తాడు, ఏడాదికి ఎనిమిది నెలలు అక్కడే. తోట తిత్లీకే పోయింది. ఫ్యాక్టరీ కాక ఇంకేముంది? అరవై మంది ఆడవాళ్ళతో పాటు తనూ పొద్దున్నే కింద హాల్లో కూచుంటుంది. ఆమె సీటు మూడో పిల్లర్ పక్కన. ఆ పిల్లర్‌కే ఫ్యాను బిగించేరు. హాల్లో గాలి తగిలేది అక్కడొక్కచోటే, ఆ సీటు కోసం ఆడవాళ్ళలో చిన్న సైజు యుద్ధాలు జరుగుతాయి. మేస్త్రి కూతురని భాగ్యశ్రీకి దక్కింది.

డయాలసిస్‌కి వెళ్ళే రోజుల్లో తవిటయ్య దారిలో దిగి కూతురికి క్యారేజీ ఇస్తాడు. అది వంక. అసలు పని పిల్లర్ చూడ్డం. మొదటి మూడేళ్ళూ ఏమీ కనబడలేదు. బిల్డింగు లేచిన ఐదో ఏడు వానలకి మూడో పిల్లర్ మీద నిలువునా వెంట్రుక లాంటి గీత పడింది. దసరా నాటికి ఆ గీత వెంట గోధుమ రంగు కారింది. సంక్రాంతి వెళ్ళేక ఓ రోజు మధ్యాహ్నం, ఆడవాళ్ళు భోజనాలకి లేచినప్పుడు, సంచిలోంచి తాపీ తీసి పిల్లర్ పాదం దగ్గర కొసతో మెల్లిగా గీకాడు. అరచేతంత పెచ్చు ఊడి చేతిలో పడింది. లోపల ఊచ వేలెడు లావుండాలి. చిటికినవేలి గోరంత మిగిలింది. చుట్టూ నల్లటి పొరలు, ఉల్లిపాయ పొరల్లా. పెచ్చు వెనకవైపు తెల్లటి పొడి పూసి ఉంది.

పెచ్చు కాగితంలో చుట్టి ఇంటికి తీసుకొచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"నోట్లో ఏసుకోయే."

"ఏటి, సిమెంటా? మిషను మీద పడుకుంటే మతి కూడా కడిగీసినారేటి?"

"ఏసుకోయే తల్లీ. ఒక్కసారి."

నూకరత్నం అతని మొహం చూసింది. వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది. పెట్టిన వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పు కల్లే. నోరు మండిపోతంది" అంది. పెచ్చు మళ్ళీ కాగితంలో చుడుతూ, "పిల్ల అక్కడే కూకుంతాది కదయ్యా" అంది.

ఆ వారమే ధనరాజు పైన ఇంకో అంతస్తు వేస్తున్నాడని తెలిసింది. బస్తాలకి చోటు చాలడం లేదు. రెండో శ్లాబు మీద ఇంకో హాలు, దాని మీద ఇంకో శ్లాబు. ఆ బరువంతా దిగేది ఆ పిల్లర్ల మీదికే.

తవిటయ్య మర్నాడే వెళ్ళాడు. ధనరాజు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించి, మళ్ళీ గుర్తొచ్చి సగం గ్లాసు ఒంపేయించాడు. "నీకు కొలతుంటాది కదా మావా" అన్నాడు. అంత మర్యాద చేసేసరికి చెప్పడం మరీ కష్టమైంది.

"ధనరాజు బాబూ, పైన ఎయ్యకండి. పిల్లర్లలో ఉప్పున్నాది."

"ఎవలన్నారు?"

"నానే. అప్పుడు నా నాలిక చచ్చిపోనాది బాబూ. నాకే తెల్దు. ఉప్పిసక దింపించీసినాను."

ధనరాజు బీరువా తీసి ఫైలు తెచ్చాడు. లోపలి కాగితం తిప్పి ముందు పెట్టాడు. "ల్యాబు రిపోర్టు. ఆరు క్యూబులు. ఎంత రావాలో అంతకన్నా ఎక్కువొచ్చినాది. ఇవి పోసిందెవలు మావా?"

తవిటయ్య తల దించుకున్నాడు. "నానే."

"మరి?"

"అవి వేరే మాలు బాబూ. దిమ్మలకి అందరం వేరేగానే కలుపుతాం. ఆ మిషను బలం సూత్తాది గానీ, ఉప్పు సూడదు."

ధనరాజు కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. జాలిగా చూశాడు. "సూడు మావా. ఒంట్లో బాగోనేనోళ్ళకి ఇలాటి బెంగలొత్తాయి. మా నాన్నకీ వచ్చినాయి. కాగితమేమో బాగున్నాదంతాది, నువ్వేమో నా నాలిక పోనాదంతావు. పై అంతస్తుకి అప్పిచ్చే బేంకు వోడికి నానేటి సెప్పాలి? పోయిన నాలిక మాటా?" అన్నాడు. పిల్లర్ దగ్గరికి వచ్చి చూసి, పెచ్చు ఊడిన చోట సిమెంటు పూయించి, కొత్త రంగు వేయించాడు. ఆ మధ్యాహ్నమే. ఇప్పుడిక చూపించడానికి గాయం కూడా లేదు.

నిరంజన్ ఫోన్లో దొరికాడు. "మేస్త్రీ, నువ్వు చెప్పేది బయటికి వస్తే ముందు నా లైసెన్సు పోతుంది, తరవాత నీ మీద కేసు. ఆరోగ్యం చూసుకో" అని పెట్టేశాడు. మాట కరుకే గానీ, అది అబద్దమని మాత్రం అనలేదు. వాడికీ ఏదో అనుమానం ఉన్నట్టే ఉంది. అయితే ఏం? అనుమానానికి ఫారం లేదు కదా.

ఫారం ఉన్నచోటికి కూడా వెళ్ళాడు. ప్లాన్లు పాసుచేసే ఆఫీసు. పేరెందుకులెండి, అన్ని ఊళ్ళలోనూ ఒకలాగే ఉంటుంది. అక్కడ వైకుంఠరావు అనే ఆయన తవిటయ్య చెప్పిందంతా విన్నాడు. నమ్మాడు కూడా. అదే విచిత్రం. ఈ కథలో నమ్మిన ఒకే ఒక్క ఆఫీసరు ఆయన.

"పెద్దాయనా, నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. మా ఇంటి పిల్లర్లూ అలాగే ఉన్నాయి" అన్నాడు. "కానీ నేనేం చెయ్యాలో చెప్పు. పిల్లర్ తొలిచి ముక్క తీసి టెస్టు చేయించాలంటే ఓనరు అడగాలి. లేదా పై నించి ఆర్డరు రావాలి. ఆర్డరు రావాలంటే రిపోర్టు బాగోలేదని ఉండాలి. రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది. నువ్వే కదా పోశావు?"

"రూలు నేదా బాబూ? ఉప్పు ఉండకూడదని?"

"రూలెందుకు లేదు? నిక్షేపంలా ఉంది. ఇసుక దింపేటప్పుడు చూడాలని ఉంది. ఇసుక ఇప్పుడెక్కడుంది?" ఇంకో మాట కూడా అన్నాడు. "నాకు ఇరవై మూడు ఊళ్ళు. ఇద్దరం ఉన్నాం. ఒకరు సెలవులో ఉన్నారు. రాసిస్తే తీసుకుంటాను. రాసింతరవాత మొదట వచ్చేది నీ దగ్గరికే, అది కూడా తెలుసుకుని రాయి."

తవిటయ్య రాయించాడు. బయట చెట్టు కింద టైపు చేసేవాడి చేత. కింద వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. ఎడం చేత్తో కాగితం నొక్కిపట్టాడు. ఆ చేతికే డయాలసిస్ సూది గుచ్చుతారు. ఆపరేషన్ చేసి నరం కలిపిన చోట వేలు పెడితే లోపల రక్తం ఝుమ్మని కొట్టుకుంటూ ఉంటుంది, శ్లాబు పోసేటప్పుడు కాంక్రీటుని కుదించే వైబ్రేటర్ పెట్టినట్టు.

కాగితం ఏ గదికి వెళ్ళిందో ఎవరికీ తెలీదు. వార్త మాత్రం రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరింది. మూడో రోజు సాయంత్రం బుచ్చమ్మ ఇంకో నలుగురు ఆడవాళ్ళని వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. హాల్లో ఆమే పెద్ద. జీడి రసానికి చేతులు నల్లగా కాలిపోయిన మనిషి.

"ఏటన్నా, మా కూటికుండ మీద రాయెత్తినావట?"

"కూడు గురించి కాదమ్మా. ఆ పిల్లర్లు..."

"పిల్లర్లు! పడితే పడనీ. ఫ్యాక్టరీ మూసీసినారంటే మరి మేం ఎక్కడ పడాలి? నా మొగుడూ నీ మిషను మీదే పడుకుంతాడు, వారానికి మూడుసార్లు. ఆటో వోడు ఉత్తినే తీసుకెల్తాడా? శ్లాబు ఎప్పుడో పడతాది, ఆకలి రోజూ పడతాది."

"బుచ్చమ్మా, నా కూతురూ అక్కడే కూకుంతాది. ఊరికే సెప్తానా?"

"అందుకే అడుగుతున్నాను. నాలుగేళ్ళ నించి నోట్లో బెల్లం పెట్టుకున్నావేటి? నీ కూతురు కూకున్నాకనే నాలిక లేచినాదేటి?"

  భాగ్యశ్రీ ఆడవాళ్ళ వెనకే వచ్చి గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రాకుండా.

వాళ్ళు వెళ్ళేక అంది, "నాన్నా, నన్ను మానీమనకు. మానీసి ఏటి తినాలి? మీ అల్లుడు తెచ్చేది ఆడి సముద్రం కర్సులకే సాలదు. ఇంకో ఫ్యాక్టరీకెల్తే అది మాత్రం ఏ ఇసకతో కట్టినారో నీకు తెలుసా?"

తెలీదు.  నిజంగానే ఎవరికీ తెలీదు. హైవే మీద బస్సులో కూచుని కిటికీలోంచి చూస్తే తిత్లీ తరవాత లేచిన మేడలు వరసగా కనిపిస్తాయి, పచ్చవి, గులాబీవి, నీలంవి. ఏ దాంట్లో ఏముందో చెప్పే నాలిక లేదిప్పుడు.

ఇంకో పది రోజులు తిరిగి తిరిగి, ఆఖరికి తవిటయ్య మళ్ళీ ధనరాజు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఒక్కటే అడిగాడు.

"నా కూతుర్ని గుమ్మం పక్కన కూకోబెట్టండి బాబూ. పిల్లర్ కాడ వద్దు."

ధనరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంత చిన్నదా అన్నట్టు. "ఓస్, అదా? అలగే మావా. ఆ కాగితం కూడా ఎనక్కి తీసుకో మరి."

తవిటయ్య తలూపాడు. వెళ్ళి వెనక్కి తీసుకున్నాడు.  వైకుంఠరావుకి ఆ కాగితం వెతకడానికే గంట పట్టింది.

మార్చి నెలలో పై శ్లాబు పోసే రోజు వచ్చింది. ఇక్కడ శ్లాబు పోత అంటే చిన్న పండగ. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, మధ్యాహ్నం అందరికీ భోజనాలు. మొదటి తట్ట ఊళ్ళో పెద్ద మేస్త్రి వెయ్యాలి, అతనికి కొత్త తువ్వాలు కప్పాలి. ధనరాజు మనిషిని పంపాడు. వెళ్ళకూడదనే అనుకున్నాడు తవిటయ్య. డయాలసిస్ లేని రోజు. కాళ్ళు తీసుకెళ్ళిపోయేయి.

కింద పని ఆపలేదు. పై శ్లాబు పోస్తుంటే కింద మనుషులు ఉండకూడదని కూడా ఓ రూలుంది. సీజను రోజులు, ఎవరాపుతారు?

మిక్సర్ పక్కన ఇసుక కుప్ప పోసి ఉంది. తువ్వాలు కప్పేరు. అలవాటు చావదు, చెయ్యి దానంతటదే వెళ్ళి చిటికెడు తీసింది, నాలిక మీద పెట్టింది. కళ్ళు మూసుకున్నాడు. కుర్ర మేస్త్రీలు పని ఆపి చూస్తున్నారు. నోట్లో రోజూ ఉండే ఇనుము తప్ప ఏమీ లేదు. ఉమ్మేశాడు.

భాగ్యశ్రీ నీళ్ళకని బయటికి వచ్చింది. తండ్రి మొహం చూసి ఆగింది. వంగి, ఓ చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. చిన్నప్పుడు తండ్రి వెనకాల తిరిగి చూసిన పద్ధతే, కళ్ళు మూసుకుని, పళ్ళ వెనక రాసి.

"బాగున్నాది నాన్నా. ఉప్పు నేదు. వంశధారే."

మంచి ఇసుక. ధనరాజు ఈసారి నిజంగా మంచి ఇసుకే తెప్పించాడు, ముసలాడి మాట లోపలెక్కడో గుచ్చుకునే ఉంటుంది. గట్టి శ్లాబు పడుతుంది. వందేళ్ళుంటుంది. ఆ కింద కాళ్ళున్నంత కాలం.

తవిటయ్య పైకెక్కి మొదటి తట్ట వేశాడు. చప్పట్లు కొట్టేరు. దిగి వచ్చి హాల్లోకి తొంగిచూశాడు. గుమ్మం పక్కన భాగ్యశ్రీ కూచుని పప్పు పొట్టు తీస్తోంది. మూడో పిల్లర్ పక్కన, ఆమె పాత సీట్లో, పందొమ్మిది ఇరవై ఏళ్ళ పిల్ల ఉంది. కొత్తగా చేరింది, సోంపేట వైపు పిల్ల. పేరు సరోజిని.

ఆమే పలకరించింది. "దండాలు తాతా! నీ పున్నేన నాకు ఫ్యాను కింద సీటొచ్చినాది. మా బుచ్చమ్మత్త అడిగినా ఇవ్వనేదట."

తవిటయ్య దగ్గరికి వెళ్ళాడు. పిల్లర్‌కి వేసిన కొత్త రంగు మీద మళ్ళీ గీత పడింది.

"ఇక్కడొద్దమ్మా. అటు గుమ్మం వైపు ఇంకో సీటు అడుగుతానుండు."

"ఊఁ, ఎందుకూ? అక్కడ ఉక్క. ఎవల్ని కూకోబెడతావు ఇక్కడ? నీ మనవరాలికిత్తావేటి?" అని నవ్వింది.

"ఎవల్నీ వద్దు. ఇక్కడెవలూ కూకోకూడదు."

"పోవో తాతా, పరాసికాలు!"

పక్క ఆడవాళ్ళు నవ్వేరు. బుచ్చమ్మ నవ్వలేదు, తల వంచుకుని పొట్టు తీస్తోంది. పైన వైబ్రేటర్ మొదలైంది. ఆ ఝుమ్మనే మోత శ్లాబులోంచి, పిల్లర్‌లోంచి దిగి నేల దాకా వచ్చింది. తవిటయ్య పిల్లర్ మీద చెయ్యి వేశాడు. చేతిలో ఒక ఝుమ్ము, పిల్లర్‌లో ఒక ఝుమ్ము.

ఫ్యాను బోల్టు పక్కనించి గోధుమ రంగు పెచ్చు ఒకటి, గోరంతది, ఊడి సరోజిని పళ్ళెంలో తెల్లటి పప్పు మీద పడింది. జీడి పొట్టు కూడా అదే రంగు. ఆ పిల్ల చూసుకోకుండానే పళ్ళెం ఎత్తి, "ఉఫ్" అని ఊదేసి, ఇంకో గుప్పెడు పప్పు దగ్గరికి లాక్కుంది.